డాక్టరమ్మ డబ్బాలో పదో నంబరు

1982 అక్టోబరు మూడో ఆదివారం ఉదయం ఏడున్నరకి మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేనొక పని చేశాను. ఒక చిన్న రేకు డబ్బాలో ఉన్న పన్నెండు తుపాకి క్యాపులు బయటికి తీసి, వాటి బదులు వేరే పన్నెండు పోసి మూత పెట్టాను. లెక్క తప్పలేదు, రెండుసార్లు చూసుకున్నాను. డబ్బా మీద అంటించిన కాగితం మాత్రం మార్చలేదు. దాని మీద నా చేతిరాతతోనే పదకొండు అని ఉంది. లోపల ఉన్నవి పదో నంబరువి.

ఆ డబ్బా నాది కాదు. మా ఆయనదీ కాదు. డాక్టరమ్మది.

ఎందుకు చేశానో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఆనాటి నోటుపుస్తకాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. కాబట్టి తేదీలకూ అంకెలకూ జ్ఞాపకం మీద ఆధారపడే అవసరం లేదు. మిగిలినవాటికి తప్పదు.

మేము 1974లో అమెరికా వచ్చాం. పిట్స్‌బర్గ్‌కి నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆయన ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. నేను 1976 నుంచి వాల్వులు తయారు చేసే ఫ్యాక్టరీలో, బయటినుంచి వచ్చే విడిభాగాలను తనిఖీ చేసే విభాగంలో పనిచేశాను. నా బల్ల మీద ఒక పెట్టెలో ఉక్కు పిన్నులు వరసగా ఉండేవి. ఒక్కొక్కటీ పక్కదానికంటే అంగుళంలో వెయ్యోవంతు లావు. ఫలానా రంధ్రంలోకి ఈ పిన్ను దూరాలి, దాని తర్వాతి పిన్ను దూరకూడదు. దూరితే సరుకు వెనక్కి పంపాలి. ఇంటా బయటా నా స్వభావానికి సరిపోయిన ఉద్యోగం అది. మాకు పిల్లల్లేరు. ఆదివారాలు మేమిద్దరమే.

1979 ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆయన ఆఫీసులో తోటి ఇంజనీరు ఒకాయన ఆయనను ఊరి బయట పాత కంకర గని వెనక ఉన్న తుపాకి క్లబ్బుకి తీసుకెళ్ళాడు. అక్కడివాళ్ళు కాల్చేవి ఇప్పటి తుపాకులు కావు. నూటపాతికేళ్ళనాటి తుపాకుల నమూనాలు. మందు పోసి, గుండు దించి, ఒక్కొక్క గదినీ చేత్తో నింపుకోవాలి. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన కోటు కూడా విప్పకుండా చొక్కా చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టారు.

"వాసన చూడు."

"పొగ వాసన."

"పొగ కాదు, సరిగ్గా చూడు. మా పెరట్లో దీపావళి వాసన! అచ్చం అదే!"

వాళ్ళది గోదావరి పక్క ఊరు. దీపావళికి పదిహేను రోజుల ముందునుంచీ వాళ్ళ నాన్నగారూ చిన్నాన్నలూ పెరట్లో సురేకారం, గంధకం, బొగ్గు నూరి చిచ్చుబుడ్లు తామే కూరుకునేవారు. ఆ పనిలో పెరిగిన మనిషికి ఇరవై ఏళ్ళ తర్వాత పెన్సిల్వేనియాలో ఆ వాసన దొరికింది. జూన్‌లో రివాల్వర్ కొన్నారు. నేను వద్దనలేదు. ఆయన కళ్ళల్లో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు.

ఆ రివాల్వర్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. దాని చక్రంలో ఆరు గదులు. ఒక్కొక్క గదిలో మందు, దాని మీద సీసపు గుండు, పైన కాస్త గ్రీజు. ప్రతి గది వెనకా నడుమ రంధ్రం ఉన్న చిన్న ఉక్కు మొన ఉంటుంది. ఆ మొనకి మిరియపు గింజంత రాగి టోపీ తొడగాలి. దాన్నే క్యాపు అంటారు. దీపావళికి పిల్లలు తుపాకిలో పెట్టి పేల్చే బిళ్ళలో ఉండేలాంటి మందు చుక్క దాని లోపల అంటించి ఉంటుంది. సుత్తి పడగానే క్యాపు పేలి, నిప్పు మొన రంధ్రంలోంచి గదిలోకి పోతుంది.

క్యాపు వదులైతే రాలిపోతుంది, లేదా పేలిన ముక్క చక్రం సందులో పడి చక్రం తిరగదు. బిగుతైతే అడుగుదాకా కూర్చోదు. సుత్తి మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడంతోనే సరిపోతుంది, తుపాకి పేలదు. ఇంతా చేసి ఒక సైజుకీ పక్క సైజుకీ తేడా అంగుళంలో వెయ్యోవంతులు మూడో నాలుగో. నంబరు పెరిగేకొద్దీ క్యాపు వదులు.

ఆ మొదటి వేసవి ఆయన పదకొండో నంబరు క్యాపులు కొనుక్కొచ్చారు. అన్నీ వదులు. రాలిపోకుండా రెండు వేళ్ళతో నొక్కి, కాస్త కోడిగుడ్డు ఆకారం వచ్చేలా చేసి తొడిగేవారు. క్లబ్బులో సగంమంది అదే చేసేవారు. నేను ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. కూర్చుని ఊరుకోలేక లెక్క రాశాను. అరవై గుళ్ళలో పదిహేడు పేలలేదు.

ఆగస్టులో ఒక శుక్రవారం, "ఆ మొన ఒకటి విప్పి ఇవ్వండి" అన్నాను.

"ఎందుకు?"

"వాల్వులకి చేసే పనే."

మా సూపర్‌వైజర్ని అడిగి పిన్నుల పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. మూడు కంపెనీల క్యాపులు, రెండేసి నంబర్లు, ఒక్కొక్కదాన్లో పదేసి చొప్పున అరవై క్యాపులు కొలిచాను. డబ్బా మీద నంబరు ఒకటే అయినా లోపల కొలత ఒకటి కాదని అప్పుడు తెలిసింది. ఒక కంపెనీ పదకొండు ఇంకో కంపెనీ పదికి దగ్గరగా ఉంది. పట్టిక రాసి ఆయన చేతికిచ్చాను. ఆ మొనకి సరిపోయింది ఎర్ర మూత డబ్బా, పదో నంబరు. ఆ ఆదివారం ముప్పై గుళ్ళు కాల్చారు. ముప్పైయ్యీ పేలాయి.

ఆయన క్లబ్బులో అందరికీ ఆ కాగితం తిప్పితిప్పి చూపించారు. "మై వైఫ్, మై వైఫ్" అని ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు అన్నారో ఒక్క దానికే నేను లెక్క రాయలేదు. కాల్చే వరసను అదుపులో ఉంచే ముసలాయన, కర్మాగారంలో రిటైరైన ఫోర్‌మన్, నా దగ్గరికొచ్చి టోపీ తీసి కాగితం చదివాడు. "మేడమ్, నలభై ఏళ్ళుగా వీటిని నొక్కుతూ బతుకుతున్నాను" అన్నాడు.

అప్పటినుంచి క్యాపులు నావి. ఇండియానుంచి తెచ్చుకున్న పప్పుగుత్తి ఒకటి విరిగితే దాని పిడి అంగుళమున్నర కోసి, కొస నున్నగా చేసి, క్యాపు అదిమే పుల్లగా ఆయనకిచ్చాను. క్యాపును ఎప్పుడూ బొటనవేలితో అదమకూడదు, పేలితే వేలు దక్కదు. ముసలాయన కొత్తవాళ్ళకి చెప్పే మొదటి మాట అదే.

మా పద్ధతి ఎలా ఉండేదంటే, ఆయన గుళ్ళు దించుకుని, తుపాకి గురివైపు పెట్టి, తల తిప్పకుండా ఎడమచెయ్యి వెనక్కి చాపేవారు. నేను అరచేతిలో ఒక క్యాపు పెట్టేదాన్ని. తొడిగి, పుల్లతో అదిమి, మళ్ళీ చెయ్యి చాపేవారు. ఆరుసార్లు. ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. పెళ్ళయి అప్పటికి పదమూడేళ్ళు. ఆ అరచెయ్యి కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్నని ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని అనుకోలేదు. 1980, 1981 రెండేళ్ళలో వెయ్యీ నలభై గుళ్ళు. పేలనివి పదకొండు.

1981 సెప్టెంబరులో డాక్టరమ్మ వచ్చింది.

మా ఊరి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. నాకంటే ఆరేళ్ళు చిన్న. భర్త టెక్సస్‌లో ఏదో పరిశోధనలో ఉండి రెండు నెలలకోసారి వచ్చేవాడు. తెలిసినవాళ్ళింట్లో వ్రతానికి వెళితే కలిసింది. మా ఆయనదీ ఆవిడదీ ఒకే తాలూకా అని తేలింది. పది నిమిషాల్లో ఆయన అన్నయ్య అయ్యారు, నేను వదినగారినయ్యాను. నవంబరు ఎనిమిదిన మూడోసారి భోజనానికొచ్చినప్పుడు "వదినా, నువ్వు కూర్చో, నేను వడ్డిస్తా" అంది. గారూ మీరూ ఆ రోజుతో పోయాయి.

ఆ రోజే అల్మరాలో రివాల్వర్ చూసింది.

"అన్నయ్యా! ఇది నిజం తుపాకీయేనా? వదిన నిన్ను బెదిరించడానికి కొనిపెట్టుకుందా?"

"మీ వదినకి తుపాకీ ఎందుకమ్మా, చూపు చాలదూ?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను పెరుగు వడ్డిస్తున్నాను. ఆయన ఇంట్లో అంత గట్టిగా నవ్వగా నేను విని ఎన్నాళ్ళో అయింది.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడా వచ్చింది. మొదటి రోజే ఆరింటిలో నాలుగు గురికి తగిలాయి. మా ఆయన ఆ నాలుగుకి చేరడానికి ఏడాది పట్టింది. ఇంటికొస్తూ కార్లో అన్నారు: "ఆ చేతులు చూశావా? వణుకన్నది లేదు. మత్తు డాక్టరు కదా." నేను నా చేతులు చూసుకున్నాను. ఇనుప రజను గీతలు, గోళ్ళ కింద నూనె. నావీ వణకవు. వణుకుతాయా లేదా అని ఎవరూ చూడలేదు.

ఆవిడ క్యాపులు ఎంచుకునే తీరు నాకు బొత్తిగా నచ్చేది కాదు. పట్టిక చూసేది కాదు. డబ్బాలోంచి ఒకటి తీసి, ఖాళీ తుపాకి మొనకి తొడిగి, తుపాకి తలకిందులు చేసి రెండుసార్లు విదిలించి చెవి దగ్గర పెట్టుకునేది. "కదలట్లేదు. ఇది పెళ్ళి కుదిరింది వదినా!" అనేది. తప్పు పద్ధతి కాదు. వదులో కాదో నిజంగానే తెలుస్తుంది. ఆయనకి అదొక విద్యలా కనిపించింది. "చూశావా, కొలతలూ గిలతలూ లేకుండానే!" అన్నారు. గిలతలు అన్న మాట నేను చాలాకాలం మర్చిపోలేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆవిడకి. పుల్ల వాడేది కాదు. బొటనవేలితో అదిమేది. ముసలాయన రెండుసార్లు గట్టిగానే చెప్పాడు. "డాక్టర్, ఆ వేలుతో నీకు పనుంది. పుల్ల తీసుకో" అని. "సరే సరే" అనేది. ఆ రోజుకి వాడేది. మళ్ళీ మామూలే.

1982 వసంతంలో ఆవిడ సొంత రివాల్వర్ కొనుక్కుంది, మా ఆయనదే మోడల్. మే నెలలో ఒక ఆదివారం మా ఆయన తుపాకి ఆరింటిలో రెండు పేలలేదు. మళ్ళీ నింపారు. మళ్ళీ రెండు. రెండేళ్ళలో మొత్తం పదకొండుసార్లే పేలని తుపాకి అది. నేను బెంచీ మీదనుంచి లేచి వెళ్ళాను.

"క్యాపు అడుగుదాకా దిగట్లేదు. బాగా అదమండి."

"అదుముతూనే ఉన్నాను."

"అయితే మీరు తెచ్చిన డబ్బా వేరే. ఎర్ర మూతది పదో నంబరు సరిగ్గా పడుతుంది. నేను కొలిచాను."

"డబ్బా నువ్విచ్చిందే కదా!"

డాక్టరమ్మ తన డబ్బాలోంచి ఒక పదకొండో నంబరు క్యాపు తీసి ఆ మొనకి తొడిగింది. చక్కగా కూర్చుంది.

"వదినా, మొనలు మారాయి కదా. ఇప్పుడు పదకొండే పడుతుంది."

"మొనలు మారడమేమిటి?"

ఆయన నాలుక కరుచుకున్నారు. "అరెరె, చెప్పడం మర్చిపోయాను. పాత మొనల రంధ్రాలు కాలి పెద్దవైపోయాయి. తను తుపాకితోపాటు మంచి సెట్ రెండు తెప్పించింది. నిన్న నువ్వు షిఫ్ట్‌లో ఉన్నప్పుడు గరాజ్‌లో కూర్చుని బిగించాం."

చుట్టూ ఏడెనిమిదిమంది ఉన్నారు. తెలుగు రాకపోయినా ఎవరి మాట తప్పయిందో వాళ్ళకి అర్థమైంది. క్యాపు కొలవడమంటే సగం పని. అది తొడిగే మొనను కూడా కొలవాలి. నేను కొలిచిన మొన ఇప్పుడు ఆ తుపాకిలో లేదు. నాకు ఒక్క ముక్క చెప్పుంటే ఐదు నిమిషాల్లో తేల్చేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ ఆయన పక్కన నిలబడింది. ఆయన అలవాటుగా తల తిప్పకుండా ఎడమచెయ్యి వెనక్కి చాపారు. దగ్గరలో ఉన్నది ఆవిడ. ఒక క్యాపు తీసి అరచేతిలో పెట్టింది. ఆయన తొడుక్కుని మళ్ళీ చాపారు. ఆరుసార్లు.

నేను ఫ్లాస్కు మూత బిగించి కూర్చున్నాను. ఎవరి చెయ్యి అని ఆయన చూసుకోలేదు.

ఆ వేసవంతా నేను మర్యాదగానే ఉన్నాను. ఇద్దరి క్యాపులూ నేనే ఎంచి, డబ్బాలకి కాగితాలు అంటించి ఇచ్చేదాన్ని. కొత్త మొనలు కొలిచి కొత్త పట్టిక రాశాను. ఆవిడకి పులిహోరలో వేరుశనగలు ఇష్టమని ఎక్కువ వేశాను. లోపల మాత్రం ఆవిడ గుళ్ళు లెక్కపెట్టేదాన్ని. ఆవిడ గురి తప్పిన ప్రతిసారీ నోటుపుస్తకంలో గీత గీసేటప్పుడు నా పెన్సిలు కాస్త గట్టిగా పడేది. ఆ పేజీలు ఇప్పుడు వెనకనుంచి తడిమినా తెలుస్తుంది.

క్లబ్బులో ఏటా అక్టోబరులో జోడీ పోటీ జరిగేది. ఇద్దరు పక్కపక్కన నిలబడి పన్నెండేసి గుళ్ళు కాల్చాలి. పేలనిది సున్నా కింద లెక్క. సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్నారు:

"ఈసారి జోడీకి నేనూ డాక్టరూ పేర్లిచ్చాం. క్యాపులు నువ్వు చూసుకో."

"నన్నడగలేదే?"

"నువ్వు కాల్చవు కదా!"

నిజమే. నేను కాల్చను. అప్పటికి మూడేళ్ళలో నన్ను కాలుస్తావా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అయినా ఆ రాత్రి ఆ మాటను తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఇక ఆ ఆదివారం ఉదయం. పదో నంబరు క్యాపులు పన్నెండు డాక్టరమ్మ డబ్బాలో పోసేటప్పుడు నేను ఆవేశంలో లేను. లెక్క వేసుకునే చేశాను. కొత్త మొనకి పదో నంబరు బిగుతు. సుత్తి మొదటి దెబ్బకి కూర్చుంటుంది, పేలదు. పన్నెండింటిలో కనీసం ఏడెనిమిది సున్నాలు పడతాయి. ఎవరికీ దెబ్బ తగలదు. వణకని చేతులన్న పేరు మాత్రం కాస్త తగ్గుతుంది. ఇదీ నా లెక్క. అసలు పన్నెండింటినీ కాఫీ కప్పులో పోసి గూట్లో పెట్టాను.

ఆ లెక్కలో బొటనవేలు లేదు.

తొమ్మిది జోడీలు వచ్చాయి. మావాళ్ళ వంతు నాలుగోది. ఇద్దరూ గుళ్ళు దించుకున్నారు. ముసలాయన "క్యాప్స్" అని కేకేశాడు. మా ఆయన పుల్లతో ఒక్కొక్కటీ అదుముతున్నారు. డాక్టరమ్మ మొదటి క్యాపు పెట్టింది. అది సగంలో ఆగింది. తల వంచి చూసింది. విదిలించింది. ఊడలేదు. నేను వెనక బెంచీ మీదనుంచి చూస్తున్నాను. ఆవిడ భుజం ఒక పక్కకి వంగింది. కుడి బొటనవేలు క్యాపు మీద పెట్టి, ఎడమచెయ్యి చక్రం చుట్టూ బిగించి, బరువంతా ఆ వేలి మీద వేస్తోంది. ఆ గదిలో మందుంది, గుండుంది.

"ఆపు! నొక్కకు! వేలు తియ్!"

నేను లేచిందీ, తాడు దాటిందీ నాకు తెలియదు. కాల్చే వరసలోకి తాడు దాటి ఎవరూ రాకూడదు. ముసలాయనకి తెలుగు రాదు కానీ గొంతు అర్థమైంది. "సీజ్ ఫైర్!" అని అరిచాడు. అందరూ తుపాకులు కిందపెట్టారు. డాక్టరమ్మ వేలు తీసి, ముందు తుపాకి గురివైపు ఉంచి బల్లమీద పెట్టి, అప్పుడు నావైపు తిరిగింది.

"ఏమైంది వదినా?"

"అవి పదో నంబరువి."

డబ్బా తిప్పి చూసింది. "పదకొండు అని ఉందే. నీ రాతే."

"పొరపాటైంది."

మా ఆయన పుల్ల చేత్తో పట్టుకుని నన్నే చూస్తున్నారు. ముసలాయన వచ్చి క్యాపు జాగ్రత్తగా ఊడదీసి, తన డబ్బాలోవి పెట్టి చూశాడు. వదులు, రాలిపోయాయి. చివరికి మా ఆయన తన పన్నెండింటిలో ఆరు ఆవిడకిచ్చారు. ఇద్దరూ ఆరేసి కాల్చారు, మిగతా పన్నెండూ సున్నాలు. కాల్చేముందు డాక్టరమ్మ నావైపు చూడకుండా చెయ్యి చాపి, "ఆ పుల్ల ఇవ్వు అన్నయ్యా" అంది.

తొమ్మిది జోడీల్లో తొమ్మిదో స్థానం. ఆరింటిలో ఆవిడ ఐదు కొట్టింది, ఆయన మూడు. అంత గొడవలోనూ ఆ ఐదు చూసి నా కడుపు మండిందని రాయకపోతే ఇది అబద్ధమవుతుంది.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో ఆయన అన్నారు: "పదహారేళ్ళయింది మన పెళ్ళయి. ధనియాల డబ్బాలో జీలకర్ర ఉండగా ఒక్కసారి చూడలేదు. నీకు పొరపాటు రాదు."

నేను కిటికీలోంచి చూస్తూ, "మొనలు మార్చినప్పుడు నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎప్పటి మాట అది? మే నెలలో..."

"మే పదిహేను. ఎందుకు చెప్పలేదు?"

"తోచలేదు."

"నాకు తెలుసు, తోచలేదని."

ఆయన కారు ఒక గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పి, పెట్రోలు కొట్టించుకోకుండా పక్కన ఆపారు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. "ఆ పిల్ల వేలు పోయుంటే?"

"తెలుసు."

"నేను చెప్పను దానికి. నువ్వే చెప్పాలి."

బుధవారం షిఫ్ట్ అయ్యాక వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. ఉప్మా చేసుకుంటోంది. "రా వదినా, కూర్చో" అంది. నిలబడే చెప్పాను. ఏ డబ్బాలోంచి ఏ డబ్బాలోకి, ఎన్ని, ఎన్ని గంటలకి. చివరికొచ్చేసరికి ఆవిడ స్టవ్ కట్టేసింది.

"ఈ వేలు చూడు" అని నా మొహం ముందు పెట్టింది. "దీంతో రోజుకి నలుగురికి సూది పెడతాను. ఇది లేకపోతే నేనేం చెయ్యాలి? టెక్సస్ వెళ్ళి ఆయనకి వంట చెయ్యనా?"

"వేలు సంగతి నాకు తట్టలేదు. సున్నాలు పడాలనే చేశాను."

"ఎందుకు? అన్నయ్యకీ నాకూ ఏదో ఉందనుకున్నావా?"

"ఛ, లేదు."

"మరి?"

"ఆయన చెయ్యి చాపితే నువ్వు పెట్టావు."

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మే పదహారు మధ్యాహ్నం, ఎడమచెయ్యి, ఆరుసార్లు. చెబుతుంటే నాకే చిన్నతనంగా అనిపించింది.

"క్యాపా? ఆ క్యాపు కోసమా ఇదంతా?"

"ఆ."

"వదినా, నా ముందుకి ఎవరు చెయ్యి చాపినా నేను ఏదో ఒకటి పెడతాను. నా ఉద్యోగమే అది! సూది లేదు కాబట్టి క్యాపు పెట్టాను. అది నీదని చెప్పకూడదూ?" నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఇప్పుడు వెళ్ళు. నాకు కోపంగా ఉంది" అంది.

వెళ్ళాను. ఆరు ఆదివారాలు ఆవిడ క్లబ్బుకి రాలేదు. మా ఇంటికీ రాలేదు. ఆయన ఒక్కరే కాల్చారు. చెయ్యి వెనక్కి చాపే ముందు తల తిప్పి నన్ను చూసేవారు. నాకు కావాల్సింది అదే అయినా ఆ ఆరు వారాలూ క్యాపు పెడుతుంటే నా చెయ్యే వణికింది.

డిసెంబరు మొదటి శనివారం తలుపు కొట్టింది. రివాల్వర్ తువ్వాలులో చుట్టి తెచ్చింది.

"నా మొనలు కొలిచి, ఏ క్యాపు సరిపోతుందో తేల్చు. నేను పక్కన కూర్చుని చూస్తాను. నీ మీద నమ్మకం లేదు కాబట్టి."

రెండు గంటలు కూర్చుంది. ఆ రోజే నేను ఇంకో సంగతి గమనించాను. మొన పైన సన్నంగా, కిందికి వచ్చేసరికి లావుగా ఉంటుంది. ఒక్కచోట కొలిస్తే చాలదు, మూడుచోట్ల కొలవాలి. మూడేళ్ళుగా నేను ఒక్కచోటే కొలుస్తూ వచ్చాను. ఆవిడకి చెప్పాను. "అయితే నా విదిలించడమే నయం కదా?" అంది. ఔనని ఒప్పుకోవడానికి నాకు కాసేపు పట్టింది. కొలిచి ఎంచుకుని, తర్వాత విదిలించి చూడాలి అని పట్టిక కింద రాసుకున్నాను. అడుగున ఆవిడ తన పెన్నుతో "బొటనవేలు వాడరాదు" అని రాసింది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అంది: "వచ్చే ఏడు జోడీకి మనిద్దరం. అన్నయ్యని బెంచీ మీద కూర్చోబెడదాం."

"నాకు కాల్చడం రాదు."

"వస్తుంది. పది నెలలుంది. నిన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి క్యాపు డబ్బా నీ చేతికివ్వడం కంటే నిన్ను కళ్ళెదుట ఉంచుకోవడం నాకు క్షేమం."

పది నెలల్లో తొమ్మిదివందల పన్నెండు గుళ్ళు కాల్చాను. 1983 అక్టోబరులో పోటీకి పదకొండు జోడీలు వచ్చాయి. మా ఇద్దరికీ మూడో స్థానం. ఆవిడ పన్నెండింటిలో పది, నేను తొమ్మిది. ఆవిడకంటే తగ్గిన ఆ ఒక్కటీ నా ఆఖరి గుండు. గురి అంచుకి వేలెడు దూరంలో పోయింది. ఆ వేలెడు దూరం ఇప్పటికీ అప్పుడప్పుడు కళ్ళముందుకొస్తుంది. ఆవిడ నన్ను వాటేసుకుని, "వదినా, తొమ్మిది! తొమ్మిది!" అని గంతులేసింది. పది కొట్టినవాళ్ళకి గంతులెయ్యడం సులువు.

ఆ రోజు రెండు డబ్బాలూ మా ఆయన చేతిలో ఉన్నాయి. ఫ్లాస్కు, పులిహోర బెంచీ మీద. ముసలాయన "క్యాప్స్" అని కేకేశాడు. నేను తుపాకి గురివైపు పెట్టి, తల తిప్పకుండా, ఎడమచెయ్యి వెనక్కి చాపాను. డాక్టరమ్మ కూడా చాపింది. క్యాపు పడేవరకు అరచెయ్యి ఎంత ఖాళీగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ముందు ఆవిడ చేతిలో పెట్టారు. తర్వాత నా చేతిలో. ఆవిడ ఆయనకి దగ్గరగా ఉంది, నిజమే. నోటుపుస్తకంలో అది కూడా రాసుకున్నాను.